సర్దేది మనం, చదివేది ఎవరు?

కిందటి వారం మా అపార్ట్‌మెంటు లిఫ్టులో ఎనిమిదో అంతస్తు ఆవిడ నన్ను పట్టుకున్నారు. "మీరు క్రూజ్‌కి వెళ్ళొచ్చారట కదండీ! మేమూ డిసెంబరులో అనుకుంటున్నాం. ఏమేం సర్దుకోవాలో కాస్త చెప్పరూ?" అని అడిగారు. లిఫ్టు కిందికి దిగేలోపు చెప్పే సంగతా ఇది? పైగా ఆవిడ ప్రశ్నతోనే నాకో పేచీ ఉంది. ఏమేం సర్దుకోవాలి అని అడిగారు గానీ, ఏమేం చదువుకోవాలి అని అడగలేదు. ఆవిడని అనడం దేనికి, నిరుడు వేసవిలో నేనూ అంతే. సర్దడం దగ్గరే ఆగిపోయాను. దాంతో ఏం జరిగిందో మీకు చెబితే, మీలో ఒక్కరైనా నాలా హైరానా పడకుండా ఉంటారని రాస్తున్నాను.

మా కొండాపూర్, మాదాపూర్, గచ్చిబౌలి వైపు ఇళ్ళల్లో సెలవు ప్రయాణాలకి కూడా ఫ్యాషన్లుంటాయి. ఒకప్పుడు ఊటీ, కొడైకెనాల్. ఆ తర్వాత దుబాయ్, బాలి. ఇప్పుడు ఓడ. దానికి కారణం లేకపోలేదు. ఈ ఐటీ ఉద్యోగాల్లో వారానికి మించి సెలవు పెట్టాలంటే మేనేజరు మొహం చూడాలి. ఆ వారంలోనే పెద్దవాళ్ళనీ పిల్లలనీ వెంటేసుకుని రోజుకో హోటలు మారడం, రోజూ పెట్టెలు విప్పడం కట్టడం ఎవరివల్ల అవుతుంది? ఓడైతే ఒకసారి గదిలో సామాను పెట్టుకుంటే చాలు, ఊళ్ళే మన దగ్గరికి వస్తాయి. ఇప్పుడు ముంబై నుంచీ చెన్నై నుంచీ కూడా ఓడలు తిరుగుతున్నాయి. 2022 జూన్‌లో చెన్నై నుంచి మన విశాఖపట్నానికే ఒక క్రూజ్ ఓడ వచ్చింది. 2023 సెప్టెంబరులో విశాఖ పోర్టులో ఈ ఓడల కోసమే ఒక టెర్మినల్ ప్రారంభించారు. కాబట్టి ఇవాళ కాకపోతే రేపు మీ ఇంట్లోనూ ఈ మాట వస్తుంది.

మేం వెళ్ళింది సింగపూరు నుంచి. పెనాంగ్, ఫుకెట్ చూపించి మళ్ళీ సింగపూరులో దింపే నాలుగు రాత్రుల ప్రయాణం. మావారు, నేను, ఇద్దరు పిల్లలు, మా అత్తయ్య. టికెట్లు, వీసాలు, ఏజెంటుతో మాటలు మావారి వంతు. బట్టలు, మందులు, తిండి నా వంతు. మన ఇళ్ళల్లో ఈ పంపకం ఎప్పుడు జరిగిందో తెలీదు గానీ పెళ్ళిచూపుల నాటికే ఖరారైపోయి ఉంటుంది. ఓడ కంపెనీ పంపిన పదహారు పేజీల పీడీఎఫ్ మావారి మెయిల్లోకి వచ్చింది. ఆయన దాన్ని తెరవకుండానే ఫ్యామిలీ గ్రూపులో ఫార్వర్డ్ చేసి "అందరూ చదవండి" అని పెట్టారు. పెద్దాడు బొటనవేలు బొమ్మ పెట్టాడు. నేను నమస్కారం బొమ్మ పెట్టాను. అక్కడితో ఆ పీడీఎఫ్ కథ ముగిసింది.

నేను సర్దిన వాటిలో ఒక బుల్లి ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్ ఉంది. అత్తయ్యకి వేడి వేడి అన్నం లేకపోతే పూట గడవదని నా భయం. దానితోపాటు కందిపొడి, కరివేపాకు పొడి, సీలు వేయించిన గోంగూర పచ్చడి, రెండు కిలోల సోనా మసూరి బియ్యం. అన్నీ ఒకే సూట్‌కేసులో. విమానంలో అత్తయ్య ఇన్సులిన్ పెన్నులు నా హ్యాండ్‌బ్యాగులోనే పెట్టుకున్నాను, ఆ బుద్ధి ఉంది. కానీ సింగపూరు హోటల్లోంచి రేవుకి బయల్దేరే రోజు హ్యాండ్‌బ్యాగు పాస్‌పోర్టులతో, కాగితాలతో, పిల్లల బిస్కెట్లతో ఉబ్బిపోయింది. ఇక విమానం లేదుగా, ఓడే కదా, పెట్టె ఎలాగూ గది దాకా వచ్చేస్తుంది అనుకుని ఆ ఇన్సులిన్ సంచిని తీసి కుక్కర్ పక్కనే దూర్చాను.

రేవులో పెట్టెలకి గది నంబరు చీటీలు కట్టి వాళ్ళు తీసుకుపోయారు. మేం చేతులూపుకుంటూ ఓడెక్కాం. పన్నెండింటికి ఎక్కితే గదులు రెండింటికి తెరిచారు. పెట్టెలు ఒక్కొక్కటే ఆరూ ఆరున్నర దాకా తలుపు ముందుకి వస్తూనే ఉన్నాయి. మూడు వచ్చాయి. నాలుగోది రాలేదు. అత్తయ్యకి రాత్రి భోజనానికి ముందు, ఏడున్నరకి ఇంజక్షన్ పడాలి. ఎనిమిదయింది. మధ్యాహ్నం మనవరాలు ముద్దుగా తినిపించిన కేకూ ఐస్‌క్రీమూ పుణ్యమా అని మీటరు పెట్టి చూస్తే 318. ఓడ అప్పటికే సముద్రంలోకి వచ్చి కొద్దికొద్దిగా ఊగుతోంది. "తల తిరుగుతోందమ్మాయ్" అన్నారు అత్తయ్య. అది ఓడ వల్లనా, షుగరు వల్లనా? ఎలా చెప్పగలం? ఆ అరగంట నా కాళ్ళలో నిజంగానే వణుకు పుట్టింది.

మావారు కింద కౌంటరు దగ్గరికి పరిగెత్తారు. పెట్టె పోలేదు, సెక్యూరిటీ వాళ్ళ దగ్గర ఉంది. కుక్కర్ వల్ల! వేడి పుట్టించే ఏ కరెంటు వస్తువూ ఓడలోకి రానివ్వరు. రైస్ కుక్కర్, కెటిల్, ఇస్త్రీపెట్టె, హీటింగ్ కాయిల్, కొన్ని ఓడల్లో ఎక్స్‌టెన్షన్ బోర్డు కూడా నిషేధం. సముద్రం మధ్యలో నిప్పంటుకుంటే ఫైరింజన్ రాదు కదా, న్యాయమే. అలాంటిది స్కానింగులో కనబడితే పెట్టె మొత్తం ఆపేస్తారు. మనం వెళ్ళి మన కళ్ళముందు తెరిపించుకోవాలి. ఆ క్యూలో మావారి ముందు కెటిళ్ళతో ముగ్గురు, ఇస్త్రీపెట్టెతో ఒకాయన ఉన్నారట. ముగ్గురు కెటిళ్ళవాళ్ళూ మనదేశం వాళ్ళే. మావారు ఇన్సులిన్ మాట చెబితే పాపం వాళ్ళే ముందుకి పంపారు. తొమ్మిదింటికి ఇంజక్షన్ పడింది. కుక్కర్‌కి చీటీ కట్టి, దిగే రోజు తీసుకోమని అట్టేపెట్టుకున్నారు.

మర్నాడు పొద్దున్న కూర్చుని ఆ పీడీఎఫ్ తెరిచాను. అయిదో పేజీలో నిషేధించిన వస్తువుల జాబితా. మొదటి పది పేర్లలో రైస్ కుక్కర్. ఏడో పేజీలో, మందులూ ఆ రోజుకి కావలసిన బట్టలూ చేతిసంచిలో ఉంచుకోండి, పెట్టెలు సాయంత్రానికి గాని గదికి చేరకపోవచ్చు, అని తాటికాయంత అక్షరాలతో రాసుంది. ఇంగ్లీషు కాబట్టి చదవలేదు అనడానికి లేదు. తెలుగులో బీఏ చేసినా కరెంటు బిల్లూ స్కూలు సర్క్యులర్లూ ఇంగ్లీషులో చదివేది నేనే. నా పని కాదనుకున్నాను, అంతే. తప్పు మావారిదీ ఉంది, ఆ మాట ఆయనతో అన్నాను కూడా. కానీ ఇన్సులిన్ సర్దింది నేను, నియమం ఉన్నది ఆయన ఫోనులో. సర్దే మనిషీ చదివే మనిషీ వేరైనప్పుడు వచ్చే తంటా ఇదే.

అందుకే ఇప్పుడు నా అభిప్రాయం గట్టిగా చెబుతున్నాను. ఓడ ప్రయాణంలో కాగితాలు చదవడం ఇంటి ఇల్లాలి పని. "ఇదో కొత్త చాకిరీనా?" అనకండి. మనం చదివితే చాకిరీ సగం తగ్గుతుంది. చదివుంటే ఆ కుక్కరూ బియ్యమూ మోసేదాన్నే కాదు.

పాస్‌పోర్టుల సంగతి చూడండి. తిరిగొచ్చే తేదీ తర్వాత ఇంకా ఆరు నెలల గడువుండాలని చాలా దేశాలు అడుగుతాయి. పెద్దవాళ్ళవి పదేళ్ళవి కాబట్టి గుర్తుంటాయి. పిల్లలవి అయిదేళ్ళకే అయిపోతాయి. మా చిన్నదానిది నాలుగు నెలల్లో అయిపోతుందని మార్చిలో గానీ చూసుకోలేదు. ఓడ ఆగే ప్రతి ఊరూ ఒక దేశమే కనుక, మనం కిందికి దిగకపోయినా ఆ దేశపు వీసా నియమం చూసుకోవాలి. ఇంకో మెలిక ఉంది. ఎక్కిన దేశంలోనే మళ్ళీ దిగుతాం కాబట్టి, ఆ దేశానికి అది రెండోసారి ప్రవేశం. ఒక్కసారికే చెల్లే వీసా ఉంటే ఓడ ఎక్కనివ్వరు. ఈ నియమాలు ఏడాదికోసారి మారుతుంటాయి. టికెట్ కొనే ముందు ఒకసారి, బయల్దేరడానికి రెండు వారాల ముందు ఇంకోసారి చూడండి. ఏజెంటు చెప్పాడు కదా అని ఊరుకోకండి. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అంటారు కదా, డబ్బు కట్టేదాకా మా ఏజెంటు రోజుకి నాలుగుసార్లు ఫోను చేశాడు. కట్టాక ఆయన ఫోను మోగుతూనే ఉండేది.

ఇన్సూరెన్సు దగ్గర నాకు అసలు భయం వేసింది. కంపెనీ ఇచ్చే గ్రూపు ఇన్సూరెన్సు ఉందని మనకో ధీమా. ఇక్కడ ఏ ఆసుపత్రికి వెళ్ళినా కార్డు చూపిస్తే చాలు. కానీ అలాంటివి మామూలుగా మన దేశంలో జరిగే వైద్యానికే. ఓడలో డాక్టరు ఉంటారు, నర్సులు ఉంటారు, అయితే చూసినందుకు డాలర్లలో బిల్లు వేసి మన గది ఖాతాలో రాస్తారు. మరీ ప్రాణం మీదికొస్తే దగ్గరి రేవులో దించి అక్కడి ఆసుపత్రికి పంపుతారు, ఆ ఖర్చు ఆస్తులమ్మినా చాలనంత అవుతుంది. అందుకే ప్రయాణం ఇన్సూరెన్సు విడిగా తీసుకోవాలి. మేమూ తీసుకున్నాం. ఆ మర్నాడు పీడీఎఫ్‌తో పాటు పాలసీ కూడా తెరిచి చూస్తే, అత్తయ్య పేరు కింద 'ఇదివరకే ఉన్న జబ్బులు: లేవు' అని ఉంది. పంతొమ్మిదేళ్ళ షుగరు! ప్రీమియం తక్కువ చూపించడానికి ఏజెంటు టిక్కు పెట్టేశాడు, మేం చూడకుండా సంతకం పెట్టాం. అంటే మొన్న రాత్రి 318 కాస్తా ఇంకేదైనా అయ్యుంటే, ఆ పాలసీ చిత్తు కాగితంతో సమానం. మీ ఇంట్లో బీపీ, షుగరు, గుండెలో స్టెంటు, ఏదున్నా దాచకుండా రాయించండి. నాలుగు డబ్బులు ఎక్కువైతే అయింది. డాక్టరు రాసిన చీటీ, మందుల అసలు పేర్లు, రెండు రోజులకి అదనంగా మందులు చేతిసంచిలో పెట్టుకోండి.

కడుపుతో ఉన్నవాళ్ళు మరొకటి గమనించాలి. ప్రయాణం ముగిసేలోపు 24 వారాలు నిండేటట్టయితే చాలా ఓడలు ఎక్కనివ్వవు. పసిపిల్లలకి కనీసం ఆరు నెలలు నిండాలి. మా పక్క బ్లాకు అమ్మాయి బేబీమూన్ అంటూ బుక్ చేసుకుని, వారాల లెక్క చూసుకోక టికెట్ డబ్బు పోగొట్టుకుంది.

వాంతులవుతాయేమో అని అందరూ అడిగే ప్రశ్న. అవ్వొచ్చు, అవ్వకపోవచ్చు. దుర్గం చెరువులో బోటెక్కి పరీక్ష చేసుకుంటానంది మా ఆడపడుచు, దానివల్ల ఏమీ తెలియదు. గది తీసుకునేటప్పుడు ఓడకి మధ్యభాగంలో, కింది అంతస్తుల్లో అడగండి, ఊపు అక్కడ తక్కువ. మందు వాడేటట్టయితే కడుపులో తిప్పడం మొదలవకముందే వేసుకోవాలి, అదీ డాక్టర్ని అడిగి. షుగరు, బీపీ మందులు వాడేవాళ్ళు మరీ. మా వైపు మలక్కా జలసంధిలో సముద్రం దాదాపు చెరువులాగే ఉంది. మన బంగాళాఖాతం వేరు. చెన్నై, విశాఖ వైపు వెళ్ళాలనుకుంటే అక్టోబరు, నవంబరు తుఫానుల నెలలని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. వాతావరణం బాగోకపోతే ఒక ఊరు మానేసే హక్కు కెప్టెన్‌కి ఉంటుంది, దానికి టికెట్ డబ్బు వెనక్కి ఇవ్వరు. ఇదీ పీడీఎఫ్‌లోనే ఉంటుంది.

ఇక నేను అందరితోనూ గొడవ పెట్టుకునే విషయం డ్రిల్లు. ఓడెక్కిన రోజే, ప్రమాదమొస్తే ఎక్కడికి వెళ్ళాలో, లైఫ్ జాకెట్ ఎలా వేసుకోవాలో చూపిస్తారు. ఇప్పుడు చాలా ఓడల్లో టీవీలో వీడియో చూసి, మన గది కార్డు మీద రాసున్న చోటికి వెళ్ళి హాజరు వేయించుకుంటే సరిపోతుంది. పావుగంట పని. ఆ పావుగంటకీ మనవాళ్ళకి తీరుబడి ఉండదు. పిల్లలు కొలనులో, మగవాళ్ళు పైన డెక్కు మీద ఫోటోల్లో. "పెద్దావిడ ఎందుకులే, మీరు చూసొచ్చి చెప్పండి" అని మాతో వచ్చిన ఒక కుటుంబం వాళ్ళు అన్నారు. నేను మాత్రం అత్తయ్యని చెయ్యిపట్టుకుని తీసుకెళ్ళాను.

అత్తయ్యది తూర్పుగోదావరి. 2019 సెప్టెంబరు 15 ఆదివారం మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. పాపికొండలు చూడ్డానికి బయల్దేరిన రాయల్ వశిష్ఠ బోటు దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగింది. నది వరద మీదుంది. బోటులో 77 మంది, బతికి బయటపడింది 26 మందే, అదీ కచ్చులూరు గిరిజనులు పడవలేసుకుని వచ్చి లాగబట్టి. మన హైదరాబాదు వాళ్ళూ, వరంగల్ పక్కన కడిపికొండ వాళ్ళూ ఎంతోమంది అందులో ఉన్నారు. సరిగ్గా ఆ సమయానికి చాలామంది ఒంటి మీద లైఫ్ జాకెట్లు లేవని బతికొచ్చినవాళ్ళే చెప్పారు. నెలకి పైగా నది అడుగునే ఉన్న ఆ బోటుని అక్టోబరు 22న బయటికి తీశారు. ఆ రోజుల్లో అత్తయ్య టీవీ ముందు నుంచి లేచేవారు కాదు.

నదిలో లాంచీకీ, ఇన్ని అంతస్తుల ఓడకీ పోలికేమిటంటారా? 2012 జనవరి 13న ఇటలీ దగ్గర గిగ్లియో దీవి ఒడ్డున కోస్టా కాంకార్డియా అనే పెద్ద క్రూజ్ ఓడ రాయికి తగిలి ఒరిగిపోయింది. 32 మంది పోయారు. ఆ సాయంత్రమే ఓడెక్కిన వందలమందికి అప్పటికి డ్రిల్లు జరగనేలేదు. ఎక్కినవాళ్ళకి 24 గంటల్లోపు చేయిస్తే చాలన్నది అప్పటి నియమం. ఆ తర్వాత అంతర్జాతీయ నియమం మార్చారు. 2015 నుంచి ఓడ బయల్దేరే ముందుగాని, బయల్దేరిన వెంటనే గాని డ్రిల్లు అయితీరాలి. అంటే ఆ పావుగంట వెనక అన్ని ప్రాణాలున్నాయి. ఏడు పొట్టి కూతలు, తర్వాత ఒక పొడుగు కూత వినబడితే అది ప్రమాద సూచన. మా చిన్నదాని చేత పాటలా వల్లె వేయించాను. అత్తయ్య అయితే జాకెట్ బెల్టు తనే పెట్టుకుని చూపించి, "మా ఊళ్ళో రేవు దగ్గర ఇదొక్కటి ఎవరైనా ఇలా దగ్గరుండి నేర్పుంటేనా" అన్నారు. ఆ మాటకి జవాబు చెప్పడం నా వల్ల కాలేదు.

బాల్కనీ గది తీసుకున్నవాళ్ళు పిల్లల్ని కనిపెట్టి ఉండాలి. రెయిలింగు ఎత్తుగానే ఉంటుంది, కానీ అక్కడే కుర్చీ ఉంటుంది. మేం దిగేదాకా కుర్చీలు లోపలే పెట్టాం. పెద్దాడు నన్ను చూసి నవ్వాడు, నవ్వనీండి.

ఫోను గురించి ఒక్కమాట. ఓడెక్కగానే ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టేయండి. మనం కొనుక్కునే దేశాల రోమింగ్ ప్యాకులు నేల మీదే చెల్లుతాయి. సముద్రంలో ఓడ నెట్‌వర్క్ వేరు, దానికి పట్టుకుందంటే వాట్సాప్ గుడ్‌మార్నింగ్ బొమ్మలకే వేలల్లో బిల్లొస్తుంది. ఆఫీసు వాళ్ళకి మాత్రం ఓడలో నెట్ లేదనే చెప్పమన్నాను మావారిని. ఉంది, డబ్బు కట్టాలి. కట్టనివ్వలేదు. నాలుగు రోజులు లాప్‌టాప్ లేని మనిషిని చూసి మా చిన్నది "నాన్న ఇలా ఉంటాడా?" అంది.

ఒడ్డుకి దిగినప్పుడు టైము విషయంలో జాగ్రత్త. ఫుకెట్‌లో గడియారం సింగపూరు కంటే గంట వెనక ఉంటుంది. ఫోను తనంతట తనే అక్కడి టైముకి మారిపోయింది. మా ఓడ మాత్రం సింగపూరు టైమే పాటించింది. ఫోను చూసుకుని తీరిగ్గా నడిస్తే ఓడ వెళ్ళిపోయి ఉంటుంది, మన కోసం ఆగదు. నేను పాతకాలపు చేతి గడియారం పెట్టుకుని వెళ్ళాను కాబట్టి సరిపోయింది. పైగా అక్కడ ఓడ ఒడ్డుకి ఆనుకోదు, దూరంగా లంగరేస్తే చిన్న పడవలో వెళ్ళాలి. ఊగే పడవలోకి కాలు చాచి దిగాలంటే మోకాళ్ళ నొప్పులవాళ్ళకి కష్టమే. టికెట్ కొనేటప్పుడే ఏ ఊళ్ళో ఇలా పడవ మార్చాలో అడగండి. అత్తయ్య దిగలేదు. నేనూ ఉండిపోయాను.

మిగతా చిల్లర సంగతులు రెండు. టికెట్‌లో అన్నీ కలిసే ఉన్నాయంటారు గానీ, పనివాళ్ళ టిప్పు మనిషికి రోజుకి ఇంత అని విడిగా పడుతుంది. చాలా ఓడల్లో 15 డాలర్ల పైమాటే. మా అయిదుగురికీ నాలుగు రోజులకి 300 డాలర్లు దాటింది. పాపం వాళ్ళు నెలల తరబడి ఇళ్ళకి దూరంగా ఉండి మన పక్కలు దులుపుతున్నారు, ఇవ్వడానికి బాధ లేదు, ముందే తెలిస్తే బాగుండేదని. రెండోది చేతులు కడుక్కోవడం. ఓడల్లో ఒకరి నుంచి ఒకరికి పాకే వాంతులూ విరేచనాల జబ్బుకి శానిటైజరు సరిగా పనిచేయదు, సబ్బూ నీళ్ళే దారి. చేత్తో తినేవాళ్ళం, మనం ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

తిండి దగ్గరికి వద్దాం, కుక్కర్ కథ మొదలైంది అక్కడే కదా. మొదటి రాత్రి భోజనాల గదిలో పెద్ద వెయిటరు దగ్గరికెళ్ళి, మాకు రేపట్నుంచి శాకాహారం, మన పద్ధతిలో కావాలి అని చెబితే చాలు, రాసుకుని చేసిపెట్టారు. పప్పు, అన్నం, ఏదో ఒక కూర, పెరుగు. ఉప్పూకారం మనంత ఉండదు, నా కందిపొడి అక్కరకొచ్చింది. అత్తయ్య ఏం తిన్నారో తెలుసా? రెండో రోజు పొద్దున్న పుట్టగొడుగుల ఆమ్లెట్ దగ్గర నిలబడి, "ఇందులో గుడ్డు మానేసి పుట్టగొడుగులే వేయించి పెట్టమను" అన్నారు. బ్రెడ్డు మీద పెట్టుకుని తిన్నారు. మూడో రోజు చైనా నూడుల్సు. వేడన్నం ఏదని ఒక్కసారి అడగలేదు. "కుక్కర్ తెచ్చావని నాకు చెప్పనేలేదే, నేనడిగానా?" అన్నారు. నిజమే, ఆవిడ అడగలేదు. ఇరవై రెండేళ్ళుగా ఆవిడకి ఏం కావాలో నేనే అనుకుని చేసుకుపోతున్నాను.

ఫుకెట్‌లో అందరూ దిగిపోయాక మేమిద్దరం డెక్కు మీద కూర్చున్నాం. ఆవిడ వాళ్ళ తాత కాకినాడ నుంచి రంగూను వెళ్ళిన సంగతి చెప్పారు. డెక్కు మీదే పడుకుని, అటుకులూ బెల్లమూ మూటగట్టుకుని వెళ్ళేవారట. అక్కడ మన తెలుగువాళ్ళని కోరంగి రేవు పేరు మీద కోరంగీలు అనేవారట. తాత తిరిగొచ్చేదాకా నాయనమ్మకి ఉత్తరం ముక్క లేదు. "ఆవిడ ఒడ్డునే ఉండిపోయింది. నేను ఓడెక్కాను" అన్నారు అత్తయ్య, నీళ్ళకేసి చూస్తూ. ఇన్నేళ్ళలో మేమిద్దరం వంటింటి మాట లేకుండా మూడు గంటలు కూర్చున్నది ఆ ఒక్కరోజే.

ఎనిమిదో అంతస్తు ఆవిడకి లిఫ్టులో ఇదంతా చెప్పలేక, "మీ ఓడవాళ్ళు పంపిన పీడీఎఫ్ ఎవరి ఫోనులో ఉందండీ?" అని మాత్రం అడిగాను. "మావారి దగ్గరుందనుకుంటా" అన్నారు. నాకు పంపించమన్నాను. రేపు పదకొండింటికి, పనమ్మాయి వెళ్ళాక, వాళ్ళింట్లో కూర్చుని ఇద్దరం చదువుతున్నాం. ఇన్సూరెన్సు పాలసీ కూడా తీసి ఉంచమన్నాను. ఆవిడ అత్తగారికి గుండెకి స్టెంటు ఉందట.